పేరు కొట్టిన చెంబు

ఈమధ్య వెబ్ పత్రికల్లో రోలు మీద ఎన్ని కవితలు వచ్చాయో ఎవరైనా లెక్కపెడితే బాగుండు. రోలు, విసుర్రాయి, లాంతరు, ట్రంకుపెట్టె, తాత చేతికర్ర. వస్తువు మారుతుంది గానీ కవిత మారదు. మొదటి నాలుగు పాదాల్లో వస్తువు ఒక మూలన దుమ్ము పట్టి ఉంటుంది, మధ్యలో అమ్మో అవ్వో వస్తుంది, చివరికి మనం నగరంలో ఒంటరిగా మిగిలిపోతాం. నేనూ ఒకటి రాశాను. ఎవరికీ గుర్తులేదు కాబట్టి బతికిపోయాను. అందులో మా జేజి రోటి ముందు కూచుని పచ్చడి నూరుతుంటుంది. ఆమెకు చెమట పట్టదు. నడుం నొయ్యదు. కారం చేతులు మండవు. రోలు అరిగిపోతే 'కక్కు కొడతాం' అని అరుచుకుంటూ వీధిలో తిరిగే మనిషి ఆ కవితలో లేనే లేడు. నిజానికి ఆ మనిషి లేకపోతే రోలు పదేళ్లకే నున్నగా అయిపోయి ఎందుకూ పనికిరాకుండా పోయేది.

ఆ కవితల మీద నాకున్న ఫిర్యాదు భావుకత గురించి కాదు. ఏడవడానికి ఎవరి వస్తువు వాళ్లకుంటుంది. కానీ అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటి ఆ కవితలు అడగవు. ఈ వస్తువు ఈ ఇంట్లో ఇంకా ఎందుకు ఉంది? అమ్ముకోవాల్సిన అవసరం రాకపోవడం వల్ల ఉందా, అమ్ముదామన్నా కొనేవాడు లేక ఉందా? ఈ రెండూ వేరు వేరు కవితలు. కరువు సీమలో మరీ వేరు.

మా ఇంట్లో ఉన్నవాటిలోకల్లా పాతది ఒక ఇత్తడి చెంబు. మా జేజి పెళ్లిలో జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు వచ్చింది. మెడ కింద చుక్కచుక్కలుగా అక్షరాలు ఉన్నాయి. పాత్రల అంగట్లో ఒక మూల పీట వేసుకుని కూచునే మనిషి చిన్న ఉలి, చిన్న సుత్తి పట్టుకుని టకటకా కొట్టే అక్షరాలు. తలకట్టు ఒక చుక్క, దీర్ఘం మూడు చుక్కలు. ఇప్పుడైతే మిషన్ పెన్నుతో బర్రున గీసేస్తున్నారు, అప్పుడు ఒక్కో అక్షరానికీ దెబ్బలు లెక్క. అందుకే పొదుపు. మా చెంబు మీద ఉన్నది ఇంతే: ఇంటిపేరుకు ఒక పొడి అక్షరం, మా జేజి నాయన పేరు, 'జ.మడుగు', 1949. 'గారు' లేదు. 'కూతురు' అన్న మాటా లేదు. మా జేజి పేరు ఎక్కడా లేదు.

జన్మంతా ఆమె తోమిన చెంబు అది. ఇంట్లో అందరం 'జేజి చెంబు' అనే అంటాం. కానీ దాన్ని చదివితే ఆమె కనబడదు. మొదట్లో నాకు దీనిమీద కోపం వచ్చింది, ఒక వ్యాసం రాసేద్దాం అనుకున్నాను కూడా. ఆడవాళ్ల వస్తువుల మీద మగవాళ్ల పేర్లు అని. ఆ కోపం ఇప్పటికీ తప్పని అనుకోను. అయితే చదవడంలో నేను ఒకటి తప్పిపోయాను. పేరు ఎందుకు కొట్టిస్తారో నాకు తెలీదు. జ్ఞాపకం కోసం అనుకున్నాను. పుస్తకం అట్ట మీద పేరు రాసుకున్నట్టు.

అమ్మను అడిగితే నవ్వింది. "జ్ఞాపకానికి ఎవరు కొట్టిస్తారు? పెండ్లిండ్లకు, దినాలకు ఇచ్చేవాళ్లం. అందరి సామాన్లూ ఒకచోట పడుతాయి. మళ్లా మనది మనకు రావాల గదా!"

అదీ విషయం. అప్పట్లో షామియానాల వాళ్లు లేరు, క్యాటరింగ్ లేదు. ఒక ఇంట్లో శుభమో అశుభమో జరిగితే వీధి మొత్తం గంగాళాలు, బిందెలు, చెంబులు ఆ ఇంటికి నడిచిపోయేవి. పని అయ్యాక దొడ్లో పెద్ద కుప్ప. ఆ కుప్పలోంచి ఎవరిది వాళ్లు ఏరుకోవాలి. చుక్కల అక్షరాలు అందుకు. మా జేజికి చదువు రాదు. అయినా బొటనవేలు చుక్కల మీద పోనిచ్చి, చూడకుండానే తన చెంబును ఏరుకునేదట. అంటే ఆమె ఆ పేరును చదవకుండానే జీవితమంతా చదివింది. ఇదేదో గొప్ప వాక్యంలా వచ్చింది గానీ, వేరేగా చెప్పడం నాకు చేతకాలేదు.

సరే, పేరు కొట్టింది వస్తువు ఇంట్లో ఉండిపోవడానికి కాదు, బయటికి పోయి తిరిగి రావడానికి. మన కవితల్లోని పాత వస్తువులు అసలు గడప దాటవు. అందుకే అవి చచ్చిపోయినట్టు ఉంటాయి.

ప్రొద్దుటూరు నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే, ఎర్రగుంట్ల మండలంలో కలమళ్ల ఉంది. తెలుగులో దొరికిన మొదటి శాసనం ఆ ఊరిదే అని బడిపిల్లలకు కూడా తెలుసు. రేనాటి చోళుల కాలం, క్రీ.శ. 575 ప్రాంతం. సగం అక్షరాలు చెదిరిపోయాయి. చాలాకాలం ఆ రాయి మద్రాసు ఎగ్మోర్ మ్యూజియంలో ఉందని అందరూ అనుకున్నారు. తెలుగుకు ప్రాచీన హోదా గొడవ మొదలయ్యాక వెతికితే అక్కడ కనబడలేదు. రాయి పోయింది అని పేపర్లలో పెద్ద రభస. తీరా చూస్తే రాయి కలమళ్ల గుడి ఆవరణలోనే ఉంది. తెలుగు జాతి మొత్తానికీ ఇంట్లో ఉన్న అన్నిటికంటే పాత వస్తువును ఎవరో తీసుకుపోయారు అనుకుని మనం వేరే ఊళ్లో వెతికాం. దాన్ని ఇంట్లో పెట్టుకున్న ఊరికి మాత్రం అది గుడి దగ్గర ఒక రాయి.

శాసనాలూ ఒకరకంగా పేరు కొట్టిన గిన్నెలే. ఎవరు, ఏ ఊరు, ఎవరికి ఏమిచ్చారు అంతే. పాత శాసనాల చివర ఒక శాపం ఉంటుంది, దీన్ని చెరిపినవాడికి పంచమహాపాతకాలు చుట్టుకుంటాయని. చెంబు మీద శాపం రాసేంత చోటు లేదు. వీధి ఆడవాళ్ల నోళ్లు ఆ పని చేసేవి.

ప్రొద్దుటూరులో పుట్టినవాడు పాత వస్తువుల గురించి రాస్తూ బంగారం మాట ఎత్తకపోతే మా ఊరు క్షమించదు. రెండో బొంబాయి అని మా ఊరికి పేరు. పెళ్లి నగలకు కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల నుంచి ఇక్కడికే వస్తారు. అంగళ్ల వీధిలో నిలబడితే తళతళలే. కానీ ఒకటి గమనించండి. ఇంత బంగారం ఉన్న ఊళ్లో పాత నగ దొరకడం చాలా కష్టం. బంగారం పాతబడదు. పాతబడేలోపు కరుగుతుంది. కూతురి పెళ్లికి తల్లి కాసులపేరు కరుగుతుంది, మనవరాలి పెళ్లికి కూతురి నెక్లెసు కరుగుతుంది. ప్రతిసారీ తరుగు పోతుంది, మజూరీ పోతుంది. మూసలో కరిగి మళ్లీ ముద్దయ్యాక అందులో ఎవరి మెడ ఎంత ఉందో చెప్పే విద్య లోకంలో లేదు. మా అమ్మ చేతికున్న గాజుల్లో ఆమె అవ్వ అడ్డిగ ఉండొచ్చు. లేదా ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి తాకట్టు పెట్టి విడిపించుకోలేకపోయిన కమ్మలు ఉండొచ్చు. చివరికి తులం కూడా పాత తులం కాదు. ఒకప్పుడు పదకొండు గ్రాముల పైచిలుకు, ఇప్పుడు అంగట్లో సరిగ్గా పది.

ఇప్పుడు కొత్త నగ మీద 916 ముద్రతో పాటు ఆరు అక్షరాల కోడ్ ఒకటి ఉంటుంది. 2023 ఏప్రిల్ నుంచి అది లేకుండా అమ్మకూడదు. భూతద్దం పెడితే తప్ప కనబడదు. ఏ రెండు నగలకూ ఒకే కోడ్ ఉండదట. మా జేజి చెంబు తర్వాత మా ఇంట్లో పేరు కొట్టిన వస్తువు అదే. అయితే అందులో పేరు ఎవరిదీ కాదు. అది స్వచ్ఛతకు సాక్ష్యం, మనిషికి కాదు. దాన్ని ఎవరికైనా ఎరువిస్తే ఆ కోడ్ చూసి ఎవరూ తిరిగి తెచ్చివ్వరు. అసలు ఎరువెవరు ఇస్తారు, లాకర్లో ఉంటే!

ఇందులో దుఃఖపడాల్సింది ఏమీ లేదని నన్ను ఒప్పించడానికి ఒక స్నేహితుడు ప్రయత్నించాడు. బంగారం అంటేనే కరగడానికి సిద్ధంగా ఉన్న వస్తువు, దాని పనే అది, అన్నాడు. అవును. ధాత కరువు అని మనవాళ్లు చెప్పుకునే 1876-78 కరువులో ఈ జిల్లా జనం వంటిమీద వెండి, ఇంట్లో ఇత్తడి అమ్ముకునే బతికారు. బతకడానికి సరిపోనివాళ్లు చచ్చిపోయారు. 1950ల మొదట్లో వచ్చిన గంజి కరువులోనూ అంతే. కాబట్టి మన జిల్లాలో వందేళ్లు దాటిన ఇత్తడి గంగాళం ఒక ఇంట్లో కనబడిందంటే, అది ఆ ఇంటి అభిరుచిని చెప్పడం లేదు. ఆ ఇల్లు ఎన్ని కరువులు దాటుకొచ్చిందో చెబుతోంది. పక్కిల్లు ఎందుకు దాటలేదో కూడా అడగమంటోంది. రోలు కవితలకు లేనిది ఈ రెండో చెవి.

చదువుకున్నవాళ్లం గనక పాతది అనగానే మన చెయ్యి కాగితం మీదికి పోతుంది. కాగితానికీ ఇల్లు కావాలి. ఈ జిల్లా ఊళ్ల గురించి మనకు ఇవాళ తెలిసినదాంట్లో చాలా భాగం కరణాల ఇళ్లలోంచి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరూ తిరిగి కైఫీయత్తులు రాయించుకున్నారు. ఊరు ఎట్లా పుట్టింది, గుడి ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, మాన్యం ఎవరిది. చెప్పినవాళ్లకు ఆధారం కరణం ఇంట్లోని దండకవిలె. తాటాకు, కడితం, ఆ తర్వాత కాగితం. మెకంజీ 1821లో చనిపోయాక ఆ కాగితాలు పురుగుల పాలు కాకుండా మళ్లీ శుభ్రంగా రాయించినవాడు కడపలో ఉద్యోగం చేసిన బ్రౌనే. ఇప్పుడు కడప జిల్లా కైఫీయత్తులు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ప్రచురించిన సంపుటాలుగా దొరుకుతున్నాయి. కట్టా నరసింహులు గారి పని అది. కథలు రాసే కుర్రవాళ్లు ఎవరైనా ఒక్క సంపుటం తిరగేస్తే ఏడాదికి సరిపడా ముడిసరుకు.

కైఫీయత్తులను నేను ఇష్టంగానే చదువుతాను. ఆ వాక్యం పొడుగ్గా సాగి సాగి 'గనుక' దగ్గర ఊపిరి పీల్చుకునే తీరు భలే ఉంటుంది. కానీ అది కరణం గొంతు. ఊరి పుట్టుక చెప్పేటప్పుడు ఊళ్లో ఎవరు లెక్కలోకి వస్తారో ఆ గొంతే తేలుస్తుంది. మాన్యం ఉన్నవాడు వస్తాడు, గుడి కట్టినవాడు వస్తాడు. గుడి కట్టిన చేతులు 'కట్టించినారు' అన్న క్రియలో కలిసిపోతాయి. 1984లో కరణీకం రద్దయింది. ఆ తర్వాత ఇళ్లలో మిగిలిపోయిన పాత లెక్కలు అటకెక్కాయి. నాకు తెలిసిన ఒక ఇంట్లో రెండు మూటలు, ఒక వానాకాలం మిద్దె కారి ముద్దయిపోతే ఎరువు దిబ్బలో వేశారు. చెప్పేటప్పుడు ఆ ఇంటి పెద్దాయన గొంతులో బాధ లేదు. 'చెద పడతాండె' అన్నాడు, అంతే.

మాలపల్లెలో, మాదిగవాడలో పాతది ఏది అని ఈ పద్ధతిలో అడిగితే జవాబు ఖాళీ వస్తుంది. అది వాళ్ల ఖాళీ కాదు, ప్రశ్నది. జమ్మలమడుగు దగ్గర ఒక ఇంట్లో గోడకు పలక వేలాడుతోంది. ఎన్నేళ్లది అని అడిగాను. ఆ ఇంటాయన దాన్ని దించి, చేత్తో చుట్టూ నిమిరి చెప్పాడు. తోలు పోయిన ఏడాది ఎక్కించింది, చట్రం వాళ్ల తాతది. అంతకుముందు ఎవరిదో తెలీదు. మరి అది పాతదా, కొత్తదా? మ్యూజియం వాళ్లకు ఇబ్బంది. మోగాలంటే తోలు మార్చాలి, మారిస్తే పాతది కాదు. నాకు మాత్రం ఈ చట్రం దగ్గర మా చెంబు గుర్తొచ్చింది. అదీ ఇల్లు వదిలి నలుగురి చావులకూ పెళ్లిళ్లకూ పోయి వచ్చే వస్తువే. ఒక తేడా ఉంది, దాన్ని చిన్నది చేసి చెప్పకూడదు. చెంబు వెళ్లిన ఇంట్లో దాంతో నీళ్లు తాగేవాళ్లు. పలక వెళ్లిన ఇంటి ముందు, పలక వాయించిన మనిషికి ఆ చెంబుతో నీళ్లు పైనుంచి దోసిట్లో పోసేవాళ్లు. మా జేజి చెంబు కూడా ఆ పని చేసే ఉంటుంది. ఇది నేను అమ్మను అడగలేదు. అడగక్కర్లేదు.

పులివెందుల వైపు ఒక చీనీ తోట రైతు ఇంట్లో కపిల బాన చూశాను. ఎద్దులతో బావిలోంచి నీళ్లు తోడేది. తోలు తొండం ఎప్పుడో కుళ్లిపోయింది, ఇనుప బాన మాత్రం కొట్టంలో బోర్లించి ఉంది. పాత ఇనుముకు ఇస్తే ఎంతో కొంత వస్తుంది కదా అన్నాను. "నీళ్లు ముప్పై అడుగుల్లో ఉండేవంటే మా పిల్లోళ్లు నమ్మరు. ఇది చూపిచ్చి చెప్పాల" అన్నాడు. ఆయన చివరి బోరు వెయ్యి అడుగులు దాటింది, నీళ్లు పడలేదు. మన భావుక కవిత దగ్గరికి ఈ బాన పోతే వెంటనే ఎద్దుల మెడలో గంటలు మోగుతాయి, తెల్లారుజామున కపిల పాట వినబడుతుంది. ఆ రైతు పాట మాటే ఎత్తలేదు. ఆయన దాన్ని ఒక రుజువుగా దాచుకున్నాడు. పాత వస్తువును కోర్టు కాగితంలా దాచుకోవడం నేను మొదటిసారి చూసింది అక్కడే.

ఇక మోసుకుపోలేనివి. నల్లరేగడి ఊళ్లలో పాతర ఉండేది, జొన్నలు దాచే గుంత. ఇంటి ముందో వీధిలోనో లోతుగా తవ్వి, గింజలు నింపి, పైన రాయి పెట్టి మట్టి కప్పేవాళ్లు. ఒక ఇంటికి అన్నిటికంటే విలువైనది దాచుకున్న చోటు ఒక ఖాళీ. ఖాళీని వారసత్వం అనాలా? అంటాను నేను. గండికోట జలాశయం కింద కొండాపురం మండలం ఊళ్లు మునిగినప్పుడు, 2020లో తాళ్లప్రొద్దుటూరులో ఇళ్లలోకి నీళ్లు వస్తుంటే జనం సామాన్లు ట్రాక్టర్లకు ఎక్కించారు. 26.85 టీఎంసీల జలాశయం. నీళ్లు కరువు సీమకు కావాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. పరిహారం లెక్కల్లో ఇల్లుంది, చెట్టుంది, స్థలముంది. రోలుకు లెక్క ఎట్లా కడతారు? పాతరకు? జవాబు తెలిసి అడగడం లేదు.

అయితే మోసుకుపోవడానికి బరువు లేనిది ఒకటుంది, ఊరి పేరు. కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద కేతు విశ్వనాథరెడ్డి పరిశోధన చేశారు. కథకుడిగా ఆయన్ని చదివిన మనం ఆ పనిని ఒక డిగ్రీ కోసం చేసినదిగా పక్కన పెట్టేస్తాం. నాకది ఆయన కథల పక్కనే పెట్టి చదవాల్సింది అనిపిస్తుంది. పులివెందులలో పులిమందల ఉందంటారు. జమ్మలమడుగులో జమ్ము పెరిగిన మడుగు ఉందంటారు. ఇవాళ ఆ ఊళ్లో జమ్మూ లేదు, మడుగూ లేదు, పులి సంగతి సరే. కానీ బస్టాండులో కండక్టర్ రోజుకు నూరుసార్లు ఆ పేరు అరుస్తాడు. ఈ మూడు ఊళ్లలో ప్రతి ఇంట్లోనూ, గుడిసెలోనూ, చదువు ఉన్నా లేకపోయినా, అమ్ముకోలేని పాత వస్తువు అదొక్కటే. మునిగిన ఊళ్ల వాళ్లు కూడా పేరును పునరావాస కాలనీకి తెచ్చుకున్నారు.

మా చెంబు విషయం పూర్తి చేయాలి. జేజి పోయాక అమ్మ పాత ఇల్లు ఖాళీ చేసి అపార్టుమెంటుకు మారింది. గంగాళం, రెండు కాగులు, బిందెలు తూకానికి వెళ్లిపోయాయి. చెంబును నేను హైదరాబాదు తెచ్చుకున్నాను. చింతపండుతో తోమి, కిటికీ దగ్గర పెట్టి, అందులో మనీప్లాంట్ పెట్టాను. ఫోటో తీసి పోస్ట్ చేస్తే చాలామంది మెచ్చుకున్నారు. అమ్మ వచ్చినప్పుడు చూసి, "నీళ్లు తాగే చెంబులో చెట్టు పెట్టినావా?" అంది. రోలు కవిత రాసినవాడు చేసే పని అదే కదా.

పోయిన నెల జమ్మలమడుగులో మా బంధువుల ఇంట్లో పెద్దకర్మ. అమ్మ ఫోన్ చేసి, వచ్చేటప్పుడు చెంబు తీసుకురమ్మంది. ఇప్పుడు అన్నీ వంటవాళ్లే తెచ్చుకుంటారు కదమ్మా అన్నాను. తెమ్మంటే తే అంది. మనీప్లాంట్‌ను ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి చెంబు పట్టుకుపోయాను. ఆ రోజు అది ఎవరెవరి చేతుల్లోకో పోయింది. సాయంత్రం బయల్దేరేటప్పుడు వెతికితే కనబడలేదు. ఇప్పటిదాకా రాలేదు. నాకు నిద్ర పట్టలేదు గానీ అమ్మకు దిగుల్లేదు. "పేరుండాది కదా, యాడికి పోతాది" అంటోంది. దాని మీద ఉన్న పేరు, ఊరు ప్రకారం చూస్తే అది తిరిగి చేరాల్సింది మా ఇంటికి కాదు. ఆ మాట అమ్మతో అనలేదు.